కలియుగ భీముని చేతివ్రాత

కోడి రామమూర్తి నాయుడు గారి పేరు వినని మనిషి మన ఉత్తరాంధ్రలో ఉండడు. శ్రీకాకుళంలో ఆటస్థలానికి ఆయన పేరే పెట్టారు. విశాఖపట్నం సముద్ర తీరాన ఆయన విగ్రహం ఉంది. మా ఊళ్ళో నూర్పుల కాలంలో ఎవరైనా కుర్రాడు నిండు ధాన్యం బస్తాను ఇంకొకరి చెయ్యి అడక్కుండా బండి మీదికెత్తేస్తే చాలు, వాడికి ఆ సాయంత్రం వరకూ కోడి రామ్మూర్తి అనే పేరు ఖాయం. ఇంత పేరున్న మనిషి తన పేరును తన చేత్తో ఎలా వ్రాసుకునేవాడో మనలో ఎంతమందికి తెలుసు? ఇంటికి ఉత్తరం వ్రాస్తే ఎవరి క్షేమం ముందు అడిగేవాడు? డబ్బు గురించి వ్రాసేవాడా, ఒంట్లో నొప్పుల గురించి వ్రాసేవాడా? ఆయన బలాన్ని గురించి మనం చెప్పుకోని కథ లేదు గానీ, ఆ బలం గల మనిషి మాత్రం మన చేతికి దొరకడం లేదు. ఈ వ్యాసం ఆ మనిషి కోసమే.

ఈ ఆలోచన నాకు కలగడానికి కారణం మరొక వీరుడు. కుంగ్‌ఫూ విద్యలో ప్రపంచమంతా ఎరిగిన బ్రూస్ లీ. 1940 నవంబరులో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టి, 1973 జులై 20న హాంకాంగ్‌లో, ముప్ఫై మూడు నిండకుండానే పోయాడు. 2021లో అమెరికాలో హెరిటేజ్ ఆక్షన్స్ అనే వేలం సంస్థ ఆయన ఒక స్నేహితునికి వ్రాసిన సొంత ఉత్తరాలను వేలం వేస్తే 4,62,500 డాలర్లు పలికాయి. మన లెక్కలో మూడు కోట్ల రూపాయల పైమాటే! మా నరసన్నపేట చుట్టుపక్కల ఎన్ని ఎకరాల పల్లం భూమి వస్తుందో అని మా నాన్న వెంటనే లెక్క కట్టాడు. రైతు లెక్క రైతుది. నాకు తట్టింది వేరే. అవి ఆయన గొప్పను చాటే ఉత్తరాలు కావు. మత్తు పదార్థాలు పంపమని అడిగే ఉత్తరాలు. సినిమా తెర మీద ఒంట్లో చెంచాడు కొవ్వు లేకుండా మెరిసిపోయిన మనిషి లోపల ఏం పడ్డాడో ఆ కాగితాలు చెప్పాయి. అంతకు ముందు ఆయన 1962లో సియాటిల్ నుంచి తమ కుటుంబ స్నేహితురాలికి వ్రాసిన ఉత్తరం మరో రకం. అమెరికా అంతటా తన విద్యకు పాఠశాలలు పెట్టాలన్న ఇరవై ఒక్కేళ్ళ కుర్రవాని కల అందులో ఉంది. 1969లో తనకు తానే వ్రాసుకున్న ఒక కాగితంలో 1980 నాటికి కోటి డాలర్లు గడిస్తానని రాసుకున్నాడు. ఆ కాగితాన్ని తర్వాత న్యూయార్కులో ఒక భోజనశాలలో అద్దం వెనుక పెట్టి జనానికి చూపించారు.

వట్టి సంతకానికి ఒక ధర, సొంత ఉత్తరానికి ఇంకొక ధర. ఎందుకంటే సంతకం అభిమాని అడిగితే పెట్టేది. ఉత్తరం ఎవరూ చూడరనుకుని వ్రాసేది. తేదీ ఉంటుంది, ఊరి పేరు ఉంటుంది, తపాలా ముద్ర ఉంటుంది. ఆ రోజున ఆ మనిషి అక్కడున్నాడని సాక్ష్యం ఉంటుంది. బ్రూస్ లీకి అలాంటి కాగితాలు పెట్టెల కొద్దీ మిగిలాయి. మన రామమూర్తి గారికో?

ఆయన జీవితాన్ని నాకు తోచినంతలో చెబుతాను. పెద్దలు చెప్పుకునే కథలను కథలుగానే చెబుతాను.

ఆయన పుట్టింది వీరఘట్టంలో, పందొమ్మిదవ శతాబ్దపు ఎనభైయవ దశకంలో. ఇప్పుడు 2022 ఏప్రిల్ నుంచి ఆ ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది గానీ, అంతకు ముందు మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. ఆయన పుట్టేనాటికి శ్రీకాకుళం జిల్లా అనేదే లేదు. పాలకొండ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో ఉండేది, మన శ్రీకాకుళం తాలూకా గంజాం జిల్లాలో ఉండేది. అంచేత ఆయన మా వాడంటే మా వాడని ఇప్పుడు రెండు జిల్లాల వాళ్ళు పోట్లాడుకోనక్కర్లేదు. తండ్రి వెంకన్న నాయుడు గారు. తల్లి చిన్నప్పుడే కన్నుమూసింది. తల్లి లేని పిల్లవాడు, పైగా దుడుకు. చదువు మీద కంటే తాలింఖానా మీద మనసెక్కువ. ఊళ్ళో ఇలా వదిలేస్తే చెడిపోతాడని తండ్రి అతన్ని విజయనగరంలో పోలీసు ఇన్‌స్పెక్టరుగా ఉన్న పినతండ్రి నారాయణస్వామి గారి దగ్గరకు పంపించాడు.

ఇక్కడ విజయనగరాన్ని గురించి ఒక్కమాట చెప్పాలి. ఆ రోజుల్లో అది వట్టి సంస్థానపు ఊరు కాదు. గజపతుల కోట, కాలేజీ, సంగీతం, నాటకం అన్నీ ఉన్నట్లే అక్కడ కుస్తీకీ, సాము గరిడీలకీ కూడా నీడ ఉండేది. పల్లెలో బలం ఉంటే బస్తాలు మోయడానికి పనికొస్తుంది. విజయనగరంలో అయితే ఆ బలానికి గురువు దొరుకుతాడు, చూసేవాళ్ళు దొరుకుతారు. మన ప్రాంతపు పల్లెల్లో సంగిడి రాళ్ళు ఎత్తడం పండగలకు మామూలే. ఆ రాళ్ళ దగ్గర ఆగిపోయిన బలవంతులు ఎంతమందో! రామమూర్తి ఆగిపోలేదంటే పినతండ్రి ఇల్లు విజయనగరంలో ఉండడం అందుకు సగం కారణమని నా అభిప్రాయం. పినతండ్రి కూడా తెలివైనవాడు. కుర్రాడి మనసు దేని మీదుందో చూసి, పుస్తకాల కోసం కొట్టకుండా, మద్రాసు సైదాపేటకు వ్యాయామ శిక్షణకు పంపించాడు. ఏడాది అక్కడ నేర్చుకుని, తిరిగి వచ్చి విజయనగరంలోనే పిల్లలకు వ్యాయామం నేర్పే ఉద్యోగంలో చేరాడు.

జీతం రాళ్ళతో బతుకుతూ అక్కడే ఉండిపోయి ఉంటే ఇవాళ ఆయన్ని ఎవరు తలుస్తారు? పొట్టి పంతులుగా పేరున్న ఒక మిత్రుని సలహాతో ఆయన సర్కసు పెట్టాడని చెబుతారు. సర్కసు అంటే ఇవాళ మనకు చిన్నచూపు. అప్పట్లో అది కొత్త విద్య. మన దేశస్థుడు పెట్టిన మొదటి సర్కసు విష్ణుపంత్ ఛత్రే గారిది, 1880లో బొంబాయిలో మొదలైంది. తర్వాత కేరళలో తలశ్శేరి నుంచి కీలేరి కుంజికణ్ణన్ శిష్యులు దేశమంతా పాకారు. 1890ల్లో మన తీరం వెంట కలకత్తా మద్రాసుల మధ్య రైలు మార్గం పడింది. ఆమదాలవలస స్టేషనుకు అప్పుడు చికాకోల్ రోడ్డని పేరు. డేరాలు, గుర్రాలు, ఏనుగులు, మనుషులు అందరినీ ఎక్కించుకుని ఊరూరా తిప్పే సాధనం అది. ఆ రైలే లేకపోతే రామమూర్తి సర్కసు లేదు.

ఆ సర్కసులో అసలు ఆకర్షణ యజమానే. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి పీల్చి, దాన్ని తెంపేవాడు. రెండు చేతులకూ రెండు కార్లకు కట్టిన గొలుసులు తగిలించుకుని, అవి చెరొక వైపు లాగుతుంటే కదలకుండా నిలబడేవాడు. పడుకుని రొమ్ము మీద పలక పెట్టించుకుని దాని మీద ఏనుగును ఎక్కించుకునేవాడు. మా ముత్తాత చిన్నతనంలో ఈ ఏనుగు ఆటను గురించి విన్నాడట. చూశాడో లేదో మా తాతకు గుర్తు లేదు గానీ, ఏనుగు దిగిన తర్వాత జనం ఒక్క నిమిషం చప్పట్లు కూడా కొట్టలేకపోయారని మాత్రం చెప్పేవాడట. ఇలాంటి మాటలు నోటి నుంచి నోటికి వచ్చినవి. వీటి విలువ వీటికి ఉంది, అంతే.

నేను ఫిజిక్సు విద్యార్థిని కనక ఈ ఆటలను కాసేపు లెక్కలోకి లాగుతాను. అధ్యాపకులు తప్పులుంటే దిద్దుదురు గాక. ఆసియా ఆడ ఏనుగు బరువు సుమారు 3,000 కిలోలు అనుకుందాం. ఆ బరువంతా రొమ్ము మీద 30 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్ల మేర పరుచుకుంటే, పీడనం వాతావరణ పీడనానికి సుమారు రెండున్నర రెట్లు వస్తుంది. పలక లేకుండా ఏనుగు కాలు వేస్తే మనిషి నుజ్జు నుజ్జు. పలక ఉంది కాబట్టి బరువు పంచుకుంటుంది. పలక ఒక కొస నేలకు ఆని ఉన్నంతసేపూ కొంత బరువు నేల కూడా మోస్తుంది. ఏనుగు సరిగ్గా నడుమకు వచ్చిన క్షణమే గండం. అప్పుడు మనిషి చేయవలసింది ఊపిరి బిగబట్టడం. గాలి నిండిన ఊపిరితిత్తులు, మూసిన గొంతు, బిగించిన పొట్ట కండరాలు కలిసి పక్కటెముకలకు లోపలి నుంచి దన్ను ఇస్తాయి. బరువులెత్తేవాళ్ళు ఇవాళ్టికీ చేసేదిదే. ఆయన ప్రాణాయామాన్ని తన బలానికి మూలంగా చెప్పుకునేవాడంటే అది వట్టి భక్తి మాట కాదన్నమాట.

కార్ల ఆటలో కిటుకు మరోలా ఉంటుంది. రెండు కార్లు సమానంగా చెరొక వైపు లాగితే, నడుమనున్న మనిషి గొలుసులో ఒక కడియం లాంటివాడు. అతన్ని ఏ వైపుకూ లాక్కుపోయే బలం మిగలదు. భుజాల కీళ్ళు ఊడిపోకుండా, పట్టు జారకుండా ఉంటే చాలు. ఉంటే చాలు అని వ్రాయడం తేలిక! ఆనాటి కార్లు ఇప్పటివాటంత గుంజుడు గలవి కావు, ఇసుక నేల మీద చక్రాలు జారేవి కూడా. అయినా మనలో ఎవరం ఆ గొలుసు పట్టుకుంటాం? ఆట వెనుక లెక్క ఉందని తెలిస్తే ఆయన గొప్ప తగ్గిపోతుందని కొందరు మిత్రులు నాతో వాదించారు. తగ్గదు. ఆ లెక్క ఆయనకు తెలిసి ఉండాలి. పలక పొడవు ఎంతుండాలి, ఏనుగును ఎటు నుంచి ఎక్కించాలి, ఎప్పుడు ఊపిరి బిగించాలి, ఇవన్నీ ఒంటి మీద నేర్చుకున్న మనిషి ఆయన. ఒక్కసారి తప్పితే రెండోసారి నేర్చుకోవడానికి మనిషి మిగలడు.

మద్రాసు, హైదరాబాదు, పూనా, అలహాబాదు, కలకత్తా, ఇలా దేశమంతా ఆయన సర్కసు తిరిగింది. 1905 నుంచి 1910 వరకు వైస్రాయిగా ఉన్న మింటో ప్రభువు విశాఖపట్నంలో స్వయంగా కారెక్కి, రామమూర్తి పట్టుకున్న గొలుసును తెంచుకుని పోలేకపోయాడని ఒక కథ. పూనాలో లోకమాన్య తిలక్ ఆయనకు మల్లమార్తాండ బిరుదు ఇచ్చారనీ, హైదరాబాదులో జగదేకమల్ల అన్నారనీ చెబుతారు. అది స్వదేశీ ఉద్యమం రోజులు. తెల్లవాడు మనల్ని బలహీనులని అనేవాడు, మనమూ సగం నమ్మేశాం. బెంగాలులో కుర్రవాళ్ళు వ్యాయామశాలలు పెట్టి కండలు పెంచింది అందుకే. అలాంటప్పుడు ఒక తెలుగువాడు డేరా నడుమ నిలబడి ఇనుప గొలుసు తెంపితే, చూసిన జనానికి గొలుసొక్కటే కనిపించి ఉండదు. తిలక్ గారి వంటి నాయకుడు ఒక సర్కసువాణ్ణి చేరదీశాడంటే నాకు వింతగా తోచదు.

అదే కాలంలో ఐరోపాలో బలానికి మరో పేరు శాండో. ఆయన 1904-05లో మన దేశమంతా పర్యటించాడు. రామమూర్తి మద్రాసులో ఆయన్ను పోటీకి పిలిచాడనీ, ముందుగా ఆయన వాడే బరువులను రహస్యంగా ఎత్తి చూసుకుని తనకవి తేలికే అనుకున్నాడనీ, శాండో మాత్రం పోటీకి రాలేదనీ మనవాళ్ళు చెప్పుకుంటారు. నిజమైతే బాగుండునని నాకూ ఉంది! కానీ శాండో విషయంలో తేడా చూడండి. 1901లోనే లండను ప్రకృతి చరిత్ర మ్యూజియం వాళ్ళు ఆయన నిలువెత్తు శరీరాన్ని ప్లాస్టరులో పోత పోసి పెట్టుకున్నారు. ఆయన ఛాతీ ఎంత, తొడ ఎంత, ఎవరైనా టేపు పెట్టి కొలుచుకోవచ్చు. మన పంజాబు గామా పహిల్వాను 1910 సెప్టెంబరులో లండనులో జిబిస్కోతో రెండున్నర గంటలకు పైగా పట్టుపట్టిన సంగతి ఆనాటి పత్రికల్లో పూసగుచ్చినట్లు ఉంది. వాళ్ళ బలానికి కాగితం ఉంది. మనవాడి బలానికి నోటిమాట ఎక్కువ, కాగితం తక్కువ.

సముద్రాలు దాటి లండను వెళ్ళి అయిదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణి ముందు తన ప్రదర్శన ఇచ్చాడనీ, వాళ్ళే ఇండియన్ హెర్క్యులిస్ అన్నారనీ ఆయన జీవితం వ్రాసిన వాళ్ళంతా వ్రాశారు. ఫ్రాన్సు, జర్మనీ, స్పెయిను తిరిగాడనీ, స్పెయినులో కోడెగిత్తను కొమ్ములు పట్టి కూలదోశాడనీ కూడా వ్రాశారు. కోడెగిత్త కొమ్ములు పట్టడం మన పల్లెటూరి వాడికి కొత్త ఏమీ కాదు గానీ, స్పెయిను వాడి గిత్త మన అరక గిత్తలా ఉండదు కదా. పైదేశంలో ఒకచోట ఏనుగు ఆట జరుగుతుండగా పలక విరిగి పక్కటెముకకు దెబ్బ తగిలిందనీ, శస్త్రచికిత్స అయి చాలాకాలం మంచాన ఉండాల్సి వచ్చిందనీ అంటారు. ఈ మాట మాత్రం నేను సులువుగా నమ్మేస్తాను. పైన వేసిన లెక్కలో పలక విరగడం అంటే ఏమిటో నాకు తెలుసు.

మాంసం ముట్టని మనిషి. ఇంత బలం శాకాహారంతో ఎలా వచ్చిందని చూసిన దొరలు ఆశ్చర్యపోయేవారట. లక్షలు గడించాడు, లక్షలు దానధర్మాలకు పోశాడు. చేతిలో డబ్బు నిలవలేదు. చివరికి కాలి మీద పుండు లేచి, కాలే తీసేయవలసి వచ్చింది. మత్తు తీసుకోకుండానే ఆ కోత భరించాడని చెబుతారు. రెండు కార్లను ఆపిన కాళ్ళలో ఒకటి పోయిన తర్వాత ఆయన రోజులు ఎలా గడిపాడో ఊహించుకోవడానికే నాకు కష్టంగా ఉంది. ఒరియా దేశపు పాట్నా సంస్థానం రాజావారు ఆయన్ని ఆదరించారు. ఆ సంస్థానానికి రాజధాని బలంగీర్. వీరఘట్టంలో మొదలైన ఆ జీవితం అక్కడ 1942 జనవరిలో, సంక్రాంతి పండుగ రోజుల్లో ముగిసింది. ఆ సంస్థానం 1948 మొదటి రోజున ఒరిస్సాలో కలిసిపోయింది.

కథ ఇక్కడితో అయిపోయినట్లే. కానీ నా పని ఇక్కడే మొదలైంది. ఆయన ఉత్తరాలు వ్రాయకుండా ఉండడానికి వీల్లేదు. ఊరూరా తిరిగే సర్కసు యజమాని డేరా వేసే స్థలం కోసం మునిసిపాలిటీకి వ్రాయాలి, రైలు వాళ్ళకు వ్రాయాలి, జమీందార్లకు వ్రాయాలి, ఇంటికి వ్రాయాలి. మన దేశంలో పోస్టుకార్డు 1879 జులైలో కాణీ ధరకు మొదలైంది. ఆయన కంటే కాస్త ముందు పుట్టిందన్నమాట. దేశాలు తిరిగే మనిషికి అంతకంటే చౌకైన సాధనం లేదు. సంస్థానాల దఫ్తరాల్లో, పాత కుటుంబాల పెట్టెల్లో అవి ఉండి తీరాలి.

మన ఇళ్ళలో ఉత్తరాలను ఎలా దాచేవాళ్ళో మీలో పల్లెటూరి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఒక ఇనుప తీగ, కింద ఒక వంకీ. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ చదివి నడుమ గుచ్చేయడం. తీగ నిండితే విప్పి మూట కట్టి అటక మీద పడేయడం. మా ఇంట్లో మా తాత కాలపు తీగ ఒకటి ఉంది. దాని నిండా పెళ్ళి కబుర్లు, చావు కబుర్లు, శిస్తు, విత్తనాలు, పశువుల బేరాలు. ఒక కార్డులో ఎడ్ల జత ధర ఉంది, పక్కనే ఎవరికో పుట్టిన బిడ్డ పేరు ఉంది. నాకు అవన్నీ చదివాక ఎన్నడూ చూడని మనుషులు గొంతులతో సహా తెలిసినట్లయింది. ఎవరో ఎరుగని రైతులనే ఇంత తెలియజేసిన కార్డు ముక్కలు, రామమూర్తి గారిని ఎంత తెలియజేయాలి! కానీ చాలా ఇళ్ళలో ఆ తీగలు లేవు. డాబా ఇల్లు కట్టినప్పుడు అటక పోయింది. మూటలు చెదలకు కొన్ని, పాత కాగితాల వాడికి కిలోల లెక్కన కొన్ని. బ్రూస్ లీ ఉత్తరాలకు మూడు కోట్లిచ్చిన లోకమే, మన ఊరి ఉత్తరాలను సైకిలు మీద తక్కెడ వేసి తూస్తోంది.

ఒక సీనియరు మిత్రుడు నన్ను అడిగిన ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. ఒకవేళ ఉత్తరం దొరికి, అందులో ఆయన ఎవరినో అప్పు అడుగుతూ ఉంటే? లేదా మింటో ప్రభువు కథ జరగనేలేదని తేలితే? అప్పుడు మనం దాచేస్తామా, బయట పెడతామా? దాచేయాలన్నది అతని పక్షం. మన ప్రాంతానికి ఉన్నదే ఒక్క భీముడు, అతన్ని కూడా మనిషిని చేసి ఏం బాగుపడతాం అన్నది అతని బాధ. ఆ బాధను నేను కాదనలేను. వెనుకబడిన జిల్లాలని పేరు పడ్డ మనకు చెప్పుకోడానికి పేర్లు అట్టే లేవు. అయినా నా పక్షం బయట పెట్టాలనే. ఎందుకో చెబుతాను.

ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరం సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్సులో 110 కిలోలు ఒకసారి, 130 కిలోలు మరోసారి, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్సులో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆమె ఎంత ఎత్తిందో ప్రపంచంలో ఎవడూ కాదనలేడు, ఒక్క కిలో పెంచలేడు, ఒక్క కిలో తగ్గించలేడు. చివరి ప్రయత్నంలో ఆమె ఎత్తలేకపోయిన 137.5 కిలోలు కూడా లెక్కలో ఉన్నాయి. ఎత్తలేకపోయినది వ్రాసి ఉంది గనకే ఎత్తినది నమ్ముతున్నాం. రామమూర్తి గారికి ఆ గౌరవం ఇంకా దక్కలేదు. ఆయన్ని పొగిడి పొగిడి, బయటి వాళ్ళు కట్టుకథ అనుకునే స్థితికి తెచ్చాం. అప్పు అడిగిన కార్డు ఒకటి దొరికితే, ఆ కార్డు మీద లండను ముద్ర ఉంటే, ఆయన లండనులో నిలబడ్డాడని ఇక ఎవడూ కాదనడు.

దొరికిన కాగితం అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుందన్నది మరో సంగతి. వేలం సంస్థల వాళ్ళు కాగితం వయసు చూస్తారు, సిరా చూస్తారు, తపాలా బిళ్ళ మీది రాజు బొమ్మకూ ఉత్తరం తేదీకీ పొత్తు కుదిరిందో లేదో చూస్తారు. అన్నిటికంటే ముఖ్యం, ఆ కాగితం వ్రాసిన నాటి నుంచి ఇవాళ్టి వరకు ఎవరెవరి ఇళ్ళలో ఉందో ఆ వరస చూస్తారు. మన ఇళ్ళలో ఈ వరస చెప్పడం సులువే. తాత, నాన్న, పెద్దనాన్న, మేనత్త. చెప్పేవాళ్ళు బతికి ఉన్నప్పుడే వ్రాసి పెట్టుకోవాలి, అంతే. ఇంకొక మాట, డబ్బు ఆశ ఉన్నవాళ్ళ కోసం. 1972లో వచ్చిన పురావస్తువుల చట్టం ప్రకారం 75 ఏళ్ళు దాటిన చారిత్రక విలువ గల వ్రాతప్రతి కూడా పురావస్తువే. దాన్ని ఇష్టం వచ్చినట్లు విదేశాలకు అమ్ముకోవడానికి లేదు. రామమూర్తి గారు 1942లో పోయారు కనక, ఆయన ఉత్తరం ఏది దొరికినా 75 ఏళ్ళు దాటిందే అవుతుంది. మూడు కోట్ల కల కనవద్దని మా నాన్నకు కూడా చెప్పేశాను.

వీరఘట్టం, పాలకొండ, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం నుంచి మన కాలేజీకి వచ్చే మిత్రులు చాలామందే ఉన్నారు. బలంగీర్ వైపు బంధువులున్న ఒరియా మిత్రులూ ఉన్నారు. పూర్వ విద్యార్థుల్లో పాత ఇళ్ళవాళ్ళూ, సంస్థానాల్లో పనిచేసినవారి మనవలూ ఉన్నారు. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ట్రంకుపెట్టె అడుగున పరిచిన కాగితం కూడా ఎత్తి చూడండి. సర్కసు కరపత్రమైనా, టిక్కెట్టు ముక్కైనా, ఫొటో వెనుక వ్రాసిన నాలుగు ముక్కలైనా సరే. దొరికితే గమ్ టేపు అంటించవద్దు, ప్లాస్టిక్కులో వేడి పెట్టి అతికించవద్దు, పెన్నుతో గీతలు పెట్టవద్దు. ఎండ తగలని చోట, చదునుగా, పొడి కాగితాల మధ్య పెట్టండి. రెండు వైపులా ఫొటో తీయండి, అడ్రసు వైపు మరీ జాగ్రత్తగా. అసలును మీ ఇంట్లోనే ఉంచుకోండి. నాకు ఆ ఫొటో ఒకటి, ఆ పెట్టె ఎవరిదో చెప్పే నాలుగు వాక్యాలు చాలు. నేను ఆఖరి సంవత్సరం బీఎస్సీలో ఉన్నాను, సాయంత్రం లేబరేటరీ అయ్యాక లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర దొరుకుతాను.